వాహనము – వర్ణము – లోకుల చూపు

ఒక సాయంకాలము మేము బద్వేలు నాలుగు రోడ్ల కూడలిలో బస్సు కొరకు నిలిచియున్నాము. మైదుకూరు వైపు నుండి ఒక ఎర్రని స్పోర్ట్స్ కారు వచ్చినది. రోడ్డునకు అడ్డముగా వచ్చిన గేదెలు దాటిపోవువరకు ఓపికగా ఆగి, తరువాత నెమ్మదిగానే నెల్లూరు మార్గము పట్టి వెళ్ళిపోయినది. అది అక్కడ నిలిచినది రెండు నిమిషములకు మించదు. అంతలోనే టీ అంగడి ముందు కూర్చున్న పెద్దాయన ఒకరు “ఎవురో మంత్రి కొడుకై ఉంటాడప్పా” అన్నారు. పక్కనున్నవారు “ఇంత బిరీన పోతే యాడనో గుంతలో పడతాడు” అని జోస్యము చెప్పినారు. మా పక్కనున్న బాలుడు “అరే భాయ్, క్యా గాడీ హై!” అని కేక వేసినాడు. కూడలిలోని పోలీసు జవాను విజిలును పెదవుల దగ్గరకు తీసుకొన్నాడు గాని ఊదలేదు.

పది నిమిషముల తరువాత అదే తీరున, అంతే పొట్టిగా ఉన్న మరొక కారు వచ్చినది. బహుశః ఇద్దరును గండికోట చూచి వచ్చుచున్న మిత్రులై ఉందురు. ఈ రెండవ కారు బూడిద రంగుది. మొదటిదాని కంటె ఎక్కువ వేగముతో కూడలి దాటిపోయినది. దానిని గురించి ఎవరును ఒక్క మాట అనలేదు. టీ గ్లాసు నుండి తల ఎత్తినవారే లేరు.

ఆనాడు మాలో ఒక ప్రశ్న పుట్టినది. ఆకారము ఒకటే, ధర ఇంచుమించు ఒకటే, నడుపువారు ఒకే బృందమువారు. మారినది పైనున్న పలుచని రంగు పూత మాత్రమే. ఆ పూత ఒకనిని మంత్రి కొడుకుగాను, దుడుకువానిగాను చేసినది. మరొకనిని ఎవరికిని కనబడనివానిగా చేసినది. ఇది ఎట్లు జరుగుచున్నది? ఇందులో కంటి పాత్ర ఎంత, మనస్సు పాత్ర ఎంత, సమాజము పాత్ర ఎంత? విద్యార్థి సోదర సోదరీమణులతో కలిసి ఈ విషయమును కొంత ఆలోచింపవలెనని ఈ వ్యాసమునకు పూనుకొన్నాము.

కన్ను ఏమి చెప్పుచున్నది?

‘రంగు’ అను మాట మన కళాశాలకు తగిన మాట. తెలుగువారు రంగు అందురు, ఉర్దూవారు రంగ్ అందురు. గులాబీ రంగు, ఆస్మానీ రంగు, ఖాకీ రంగు అని మన ఇండ్లలో నిత్యము పలుకు మాటలలో ఏది ఎవరిదని విడదీయుట కష్టము. ఐతే మాటకు ముందు కన్ను ఉన్నది గనుక మొదట కంటి సంగతి చూతము.

మన కంటికి కనబడు కాంతి తరంగముల పొడవు సుమారు 400 నుండి 700 నానోమీటర్ల వరకు ఉండును. ఊదా రంగు మొదటి కొసన, ఎరుపు చివరి కొసన ఉన్నవి. పట్టపగటి వెలుతురులో కన్ను అన్నిటికంటె బాగుగా గ్రహించునది ఎరుపును కాదు. 555 నానోమీటర్ల దగ్గరనున్న పసుపు కలిసిన ఆకుపచ్చను. పొద్దు వాలి చీకటి పడునప్పుడు ఈ శక్తి మరికొంత జరిగి 507 నానోమీటర్ల దగ్గరకు, అనగా నీలము వైపు ఒరిగిన ఆకుపచ్చకు చేరును. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే ఈ మార్పును గమనించినాడు. దానికి ఆయన పేరే నిలిచినది.

దీనిని తెలిసికొనుటకు ప్రయోగశాల అవసరము లేదు. పెరటిలో ఎర్రమందారము ఉన్నచో సందెవేళ దాని యెదుట పావుగంట కూర్చున్న చాలును. పగలు ఆకుల నడుమ మంటవలె వెలిగిన పువ్వు క్రమముగా నల్లబడును. ఆకులు మాత్రము ఇంకను లేతగా కనబడుచునే ఉండును. ఎర్ర కారు గతియు ఇంతే. మధ్యాహ్నము ఊరంతటి దృష్టిని లాగిన కారు, దీపములు లేకున్నచో, సందెవేళ నల్లని కారుతో సమానమగును.

మరి ప్రమాద సూచనకు ఎర్రదీపము ఏల పెట్టినారని విద్యార్థులు అడుగవచ్చును. ఎర్రదీపము వేరు, ఎర్ర పూత వేరు. దీపము తన కాంతిని తానే పంపును. పొడవైన తరంగములు గల ఎర్రని కాంతి గాలిలో తక్కువగా చెదరును. పూతకు సొంత కాంతి లేదు. తనపై పడిన వెలుతురులో కొంత భాగమును తిరిగి పంపుట తప్ప అది వేరేమియు చేయజాలదు.

కాబట్టి ఎర్రకారు అందరి కంటబడుటకు కారణము కంటి నిర్మాణము మాత్రమే కాదు. దుమ్ము రంగు నేల, ఎండిన గడ్డి, తెల్లని వాహనముల నడుమ అది వేరుగా కనబడుట ఒక కారణము. దాని చుట్టు పెరిగిన కథ రెండవ కారణము. ఆ కథ ఎక్కడ పుట్టినదో ఇప్పుడు చూతము.

పందెపు కార్ల రంగులు

20వ శతాబ్దపు ఆరంభములో ఐరోపా దేశముల మధ్య గోర్డన్ బెన్నెట్ కప్పు పేర మోటారు పందెములు జరిగినవి. దూరము నుండి చూచువారికి ఏ కారు ఏ దేశముదో తెలియుటకై దేశమునకొక రంగు ఏర్పడినది. ఫ్రాన్సునకు నీలము, జర్మనీకి తెలుపు, బెల్జియమునకు పసుపు. 1903లో ఐర్లండులో పందెము జరిగినప్పుడు బ్రిటిషు కార్లు ఆకుపచ్చ రంగుతో దిగినవి. ఎరుపు కాలక్రమమున ఇటలీ వంతైనది. 1934లో జర్మనీ మెర్సిడెస్ కార్లు తెల్లరంగు విడిచి వెండివలె మెరయుచు పందెములకు వచ్చినవి. బరువు పరిమితికి లోబడుటకై తెల్లరంగును గీకివేసినారను కథ ప్రసిద్ధము.

ఈ విధముగా ఎరుపు మొదట వేగమునకు గుర్తు కాదు. ఒక దేశమునకు గుర్తు. 1947లో ఫెరారీ పేరుతో మొదటి కారు బయటకు వచ్చిన తరువాత ఆ సంస్థ కార్లు ఎర్ర రంగుతోనే పందెములు గెలిచి లోకమునకు తెలిసినవి. ఎరుపు చూచినవారికి గెలుపు జ్ఞాపకము వచ్చినది, గెలుపుతో వేగము జ్ఞాపకము వచ్చినది. క్రమముగా నిలిచియున్న ఎర్రకారు కూడ పరుగెత్తుచున్నట్లు తోచసాగినది. ఇటలీ ఎక్కడ, బద్వేలు ఎక్కడ! ఆ పందెములను ఎన్నడును చూడని టీ అంగడి పెద్దాయన ఎర్రకారు నెమ్మదిగా పోవుచున్నను “ఇంత బిరీన” అన్నారనగా ఆయన చూచినది కారును కాదు. సినిమాల ద్వారా, ప్రకటనల ద్వారా తనవరకు వచ్చిన ఆ కథను.

రంగు లేని కాలము కూడ ఒకటి ఉండెను. హెన్రీ ఫోర్డు 1908లో ప్రవేశపెట్టిన మోడల్ టి కారు 1914 నుండి 1925 వరకు నల్లరంగులో మాత్రమే అమ్ముడైనది. 1920 ప్రాంతములలో త్వరగా ఆరు కొత్త లక్కపూతలు వచ్చినవి. అంతకు ముందు పూత ఆరుటకు రోజులు, వారములు పట్టుచుండెను. ఇప్పుడు గంటలతో సరిపోయినది. ఆనాటి నుండి రంగు అమ్మకపు సరుకైనది. కొనువాడు కారుతోపాటు తనను గురించి లోకులు అనుకొనవలసిన మాటను కూడ కొనసాగినాడు.

పసుపు కారు, తెల్ల కారు, ఎర్రబుగ్గ

మన తెలుగునేలపై ఇందుకు చక్కని ఉదాహరణ హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండు నుండి ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును కోరి చేయించినారు. ఆయన 1911లో మరణించుటచే అది ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ కాలములో చేరినది. సింహాసనము వంటి ఆసనము గల ఆ కారు రంగు పసుపు. పసుపు ఆసఫ్ జాహీల పతాకపు రంగు. వీధిలో ఆ పసుపు కనబడినచో లోపల ఎవరున్నారని ఎవరును అడుగనవసరము లేదు. జనులు నమస్కరించునది ఇనుమునకు కాదు, పూతకు కాదు. ఆ పూత వెనుకనున్న రాజ్యమునకు.

రాజ్యము పోయి ప్రజాస్వామ్యము వచ్చినను ఈ పద్ధతి వెంటనే పోలేదు. దశాబ్దముల పాటు తెల్ల అంబాసిడరు కారు ప్రభుత్వమునకు మారుపేరుగా ఉండెను. పల్లెలోనికి తెల్ల అంబాసిడరు వచ్చినచో రచ్చబండ దగ్గరివారు లేచి నిలుచుండువారు. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినది. దానిపైన తిరుగు ఎర్రదీపమునకు మన జనులు ‘ఎర్రబుగ్గ’ అని పేరు పెట్టినారు. ‘బుగ్గకారు’లో తిరుగుట అనగా పదవిలో ఉండుట. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ దీపముల వాడుకను ఉన్నత రాజ్యాంగ పదవులలో ఉన్నవారికి పరిమితము చేయవలెనని తీర్పు చెప్పినది. 2017 మే 1వ తేదీ నుండి కేంద్ర ప్రభుత్వము ప్రముఖుల కార్లపై ఎర్రబుగ్గను పూర్తిగా తీసివేసినది. అంబులెన్సు వంటి అత్యవసర వాహనములకే తిరుగుదీపములు మిగిలినవి. రోగిని మోయు బండికి ఉండవలసిన మర్యాద పదవిని మోయు బండికి ఏల అను ప్రశ్నకు ఇది సమాధానము.

చట్టము రంగును ఎంత గట్టిగా పట్టుకొనునో మరి రెండు ఉదాహరణములు చాలును. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమముల ప్రకారము సైనిక శాఖ వాహనములు తప్ప మరి ఏ వాహనమును ముదురు ఆలివ్ ఆకుపచ్చ రంగు వేసికొనరాదు. నంబరు పలకలకు కూడ రంగు భేదమున్నది. సొంత బండికి తెలుపు, కిరాయి బండికి పసుపు, విద్యుత్తుతో నడుచు బండికి ఆకుపచ్చ. ‘ఎల్లో బోర్డు’ బండివానిని ఒక విధముగా, ‘వైట్ బోర్డు’ బండివానిని మరొక విధముగా పలకరించు అలవాటు మన రోడ్లపై ఉన్నది. పలక రంగు బండి వినియోగమును తెలుపుటకు పుట్టినది. మనిషి విలువను తెలుపుటకు కాదు.

ఎర్రకార్లకు భీమా ఎక్కువ అను మాట కూడ తరచుగా వినుచున్నాము. మన దేశములో భీమా రుసుమునకు ఇంజను సామర్థ్యము, బండి వయస్సు, విలువ, నమోదైన ప్రాంతము మొదలగునవి ఆధారములు. రంగు వాటిలో లేదు. లెక్కలు వేయువారు పట్టించుకొనని రంగును లోకులు పట్టించుకొనుచున్నారు.

ఎర్రబస్సు

ఇంతవరకు ధనవంతుల ఎరుపును గురించి చెప్పినాము. పేదవారి ఎరుపు ఒకటి ఉన్నది. మా హృదయమునకు దగ్గరది అదియే.

నిజాము రాష్ట్ర రైల్వే శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ఆరంభించినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. ఆ సంస్థ సాధారణ బస్సుల ఎర్రరంగు పల్లెపల్లెకు తెలిసినది. పెండ్లికి, కాన్పునకు, కోర్టు వాయిదాకు, పరీక్షకు జనులు వెళ్ళినది ఆ బస్సులలోనే. కాని పట్టణమువారి నోట అదే బస్సు ఎగతాళి మాట అయినది. కొత్త చోట తడబడువానిని “ఎర్రబస్సెక్కి వచ్చినావా?” అని అడుగుట నేటికిని వినుచున్నాము. తరువాత ‘పల్లెవెలుగు’ అను అందమైన పేరు వచ్చినది, బస్సుల రంగులును మారినవి. ఎగతాళి మాత్రము రంగు వెలియకుండ నిలిచినది.

ఇచ్చట ఒక వింత గమనింపవలెను. స్పోర్ట్స్ కారుపై ఎరుపు ధైర్యమునకు, వేగమునకు, యౌవనమునకు గుర్తు. బస్సుపై అదే ఎరుపు అజ్ఞానమునకు, పల్లెతనమునకు గుర్తు. డబ్బాలోని రంగు రెండింటికిని ఒకటే. అనగా లోకులు తీర్పు చెప్పునది రంగునకు కాదు, లోపల కూర్చున్నవాని జేబునకు. రంగు ఒక నెపము మాత్రమే.

మన కళాశాల విద్యార్థులలో ఎందరో పోరుమామిళ్ళ, బ్రహ్మంగారి మఠము, అట్లూరు, గోపవరము వైపు పల్లెల నుండి బస్సులో వచ్చువారు. ఇంటిలో మొదటిసారి కళాశాల గడప తొక్కినవారు వారిలో కలరు. రేపు వారు ఇంటర్వ్యూకై నగరమునకు పోయినప్పుడు ఎవరో ఒకరు ఈ మాట అనక మానరు. అప్పుడు తల దించుకొనవలదని చెప్పుటకే ఈ భాగము వ్రాసినాము. ఎర్రబస్సు ఎక్కి వచ్చినాము అని చెప్పుట సిగ్గుపడవలసిన మాట కాదు. ఆ బస్సు ఎక్కి రాకున్నచో మనలో అనేకులు అసలు వచ్చియే ఉండము.

రంగునకు మతము ఉన్నదా?

మరొక సున్నితమైన విషయము కలదు. ఆటోకు ఆకుపచ్చ పట్టీ ఉన్నచో నడుపువాడు ఒక మతమువాడని, కాషాయపు పట్టీ ఉన్నచో మరొక మతమువాడని చూపుతోనే నిర్ణయించుకొనువారు ఉన్నారు. ఆ నిర్ణయమును బట్టి చేయి ఎత్తువారు, దించువారు కూడ కలరు. ఆటో నడుపువానికి ఆ చేయి ఒక పూట అన్నము. ఒక పట్టీ రంగును బట్టి ఒకని బేరము పోయినచో దానిని అభిరుచి అని సరిపెట్టుకొనుటకు వీలులేదు.

మన ప్రాంతపు చరిత్ర ఈ చూపునకు ఎదురుగా నిలిచియున్నది. మనకు సమీపముననున్న కందిమల్లాయపల్లెలో వెలసిన పోతులూరి వీరబ్రహ్మము గారికి ప్రియశిష్యుడు దూదేకుల ఇంట పుట్టిన సిద్దయ్య. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లిం సోదరులు వేంకటేశ్వరుని దర్శించుకొను ఆచారము నేటికిని ఉన్నది. కడప పెద్ద దర్గాకు హిందువులు చేయి జోడించి వెళ్ళుచున్నారు. ఈ నేలపై ఆకుపచ్చయు కాషాయమును ఒకే వీధిలో నడిచినవి. పొలములో పైరు పచ్చగా ఉండి, పొద్దు కాషాయముగా క్రుంకినప్పుడు వాటి మతమును ఎవరడిగినారు?

ప్రాణమునకు సంబంధించిన సంగతి

లోకుల చూపు మర్యాదకు మాత్రమే సంబంధించినదైనచో ఇంత వ్రాయము. కొన్ని చోట్ల రంగు ప్రాణములను కాపాడును, కొన్ని చోట్ల తీయును.

1939లో అమెరికాలో ఫ్రాంక్ సైర్ అను విద్యావేత్త న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునందు ఒక సమావేశము జరిపి పాఠశాల బస్సులకు పసుపు రంగు నిర్ణయింపజేసినాడు. తెల్లవారుజామున, సందెవేళ ఆ రంగుపై నల్లని అక్షరములు బాగుగా కనబడుట అందుకు కారణము. మన ఊరి పాఠశాల బస్సుల పసుపు కూడ ఆ ఆలోచనకు బంధువే. అమెరికాలోనే అగ్నిమాపక శకటములను స్టీఫెన్ సాలమన్ అను కంటి నిపుణుడు పరిశీలించినాడు. డల్లాస్ నగరపు లెక్కలతో 1995లో ప్రకటించిన పరిశీలనలో ఎర్రని శకటముల కంటె నిమ్మపసుపు శకటములకు ప్రమాదములు తక్కువని తేలినది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయము 2007లో ప్రకటించిన పరిశీలనలో తెల్లకారులతో పోల్చినప్పుడు నల్లకారులకు పగటివేళ ప్రమాదపు అవకాశము సుమారు 12 శాతము అధికమని కనబడినది. చూపులను ఎక్కువగా లాగు రంగు, ప్రాణమును ఎక్కువగా కాపాడు రంగు ఒకటి కానక్కరలేదని వీటి సారాంశము.

ఎండ సంగతియు ఇంతే. 2011లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలవారు ఒకే రకపు రెండు కార్లను ఎండలో నిలిపి చూచినారు. నల్లదాని కంటె వెండిరంగు కారు పైకప్పు 25 డిగ్రీల వరకు చల్లగా ఉన్నది; లోపలి గాలి 5, 6 డిగ్రీలు చల్లగా ఉన్నది. మే నెలలో మన రాయలసీమ ఎండలో పసిబిడ్డతో ప్రయాణము చేయు తల్లికి ఈ 5 డిగ్రీలు చిన్న విషయము కాదు. నల్లని కారు దర్జాగా ఉండునని కొనువారు వైశాఖమాసములో ఒకసారి దాని తలుపు పిడి పట్టి చూడవలెను.

ఇక చీకటి. మైదుకూరు నుండి నెల్లూరునకు పోవు రోడ్డు జాతీయ రహదారి అయినది. రాత్రివేళ ఈ మార్గముపై పెద్ద లారీలు వేగముగా పోవుచుండగా, వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రైలర్లు, మట్టి పట్టిన బండ్లు, పంట మూటలు మోయు వాహనములు కూడ పోవుచున్నవి. ట్రైలరుకు కట్టిన ఎర్రరంగు పగలు అందముగానే ఉండును; రాత్రి అది మందారపు పువ్వువలె నల్లబడిపోవును. వెనుక వచ్చు లారీవానికి అది కనబడునప్పటికి సమయము మించిపోవును. కాంతిని తిరుగగొట్టు పట్టీలు నాలుగు అంటించినచో దీపపు వెలుగు పడినంతనే దూరము నుండియే మెరయును. వాటి ఖరీదు ఎంతో కాదు. ఎడ్లబండి కొమ్ములకు, సైకిలు వెనుక మడ్గార్డుకు కూడ ఇది వర్తించును. ముదురు రంగు దుస్తులతో సందెవేళ రోడ్డు వెంట నడుచువారు చేతిలో ఒక తెల్లని సంచి పట్టుకొన్నను మేలే.

ముగింపు

ఈ చర్చ వలన తేలినది మూడు మాటలలో చెప్పవచ్చును. రంగును కన్ను చూచును, ఇది ప్రకృతి. రంగునకు కథను మనస్సు కట్టును, ఇది చరిత్ర. ఆ కథను బట్టి మనిషికి విలువ కట్టుట మాత్రము మన అలవాటు. ప్రకృతిని మార్చలేము, చరిత్రను తుడువలేము, అలవాటును మార్చుకొనగలము.

విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించుచున్నాము. ఒక సాయంకాలము నాలుగు రోడ్ల కూడలిలో అరగంట నిలువుడు. వచ్చు వాహనముల రంగును ఒక వరుసలో, చుట్టునున్నవారు అన్న మాటను రెండవ వరుసలో, మీ మనస్సునకు తోచిన మాటను మూడవ వరుసలో వ్రాసికొనుడు. మూడవ వరుసను ఎవరికిని చూపనవసరము లేదు. నిజాయితీగా వ్రాసినచో అదియే మీకు గురువగును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. పల్లెల నుండి మన విద్యార్థులను చేరవేయు ఆటోలకు, తల్లిదండ్రుల ట్రాక్టర్లకు, సైకిళ్ళకు కాంతిని తిరుగగొట్టు పట్టీలు అంటించు కార్యక్రమము ఒకటి కళాశాల పక్షమున జరిపించినచో బాగుండును. జాతీయ సేవా పథకపు విద్యార్థులకు ఒక దినపు పని అది. ఆ ఎర్ర స్పోర్ట్స్ కారును లోకులు ఎట్లును చూచెదరు. చీకటిలో ఇంటికి పోవు ట్రాక్టరును కూడ చూచునట్లు చేయుట చదువుకొన్న మన వంతు.